తెరచాప ఓడ కొయ్యలు, తాళ్ల పేర్లు పట్టుబడాలంటే: ఒక మాస్టు కట్టి నేర్చుకునే పద్ధతి

ఓడ బొమ్మ కిట్టు తెప్పించుకుని తాళ్ల దగ్గర ఆగిపోయినవాళ్లు, సముద్ర కథను తెలుగులోకి తెస్తూ ‘ఫోర్ టాప్‌సెయిల్ బ్రేస్’ అనే తాడు పేరు దగ్గర కలం పక్కన పెట్టినవాళ్లు, స్కూల్ ఎగ్జిబిషన్‌కి పిల్లలతో ఓడ చేయించాల్సిన సార్లు, మేడమ్‌లు అడిగేది ఒక్కటే. ఇన్ని పేర్లు ఎట్లా గుర్తుండాలి?

జాబితా చదివితే ఉండవు. వారం తర్వాత అన్నీ కలిసిపోతాయి. ఒక్క మాస్టు, అంటే తెరచాపలు మోసే నిలువు స్తంభం, కట్టి, ఏ తాడు దేన్ని ఎటు లాగుతుందో వేలితో లాగి చూస్తే మాత్రం పోవు. అందుకే ఇది పదాల పట్టిక కాదు, పని వరుస. వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో దొరికే సామానుతోనే అయిపోతుంది. మన దగ్గర లక్నవరంలో, పాకాలలో తిరిగేవి మోటారు, పెడల్ పడవలే కాబట్టి నిజం తెరచాప చూసి నేర్చుకునే వీలు లేదు. చేసే చూడాలి.

మనం కట్టేది మూడు మాస్టుల ఓడలో ముందుండే ఫోర్‌మాస్టు, దాని ముందుకు పొడుచుకొచ్చే బౌస్ప్రిట్ అనే కొయ్య. ఓడ ఒళ్లు అక్కర్లేదు, చెక్క పలక చాలు. పూర్తి ఓడతో మొదలుపెట్టకండి. చాలామంది దగ్గర అటక మీద సగం ఓడలు ఉండటానికి కారణం అదే.

1. ముందుగా పేరు కట్టే తీరు పట్టుకోండి

ఓడలో తాడు పేరు పోస్టు అడ్రసు లాంటిది. నాలుగు ముక్కలు ఉంటాయి:

- ఏ పక్క: ఓడ ముందుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమ పోర్ట్, కుడి స్టార్‌బోర్డ్.
- ఏ మాస్టు: ముందుది ఫోర్, నడిమిది మెయిన్, వెనకది మిజెన్.
- ఏ అంతస్తు తెరచాప: కింద కోర్స్, దాని పైన టాప్‌సెయిల్, ఆ పైన టాప్‌గాలెంట్, అన్నిటికన్నా పైన రాయల్.
- ఏం పని: బ్రేస్, లిఫ్ట్, షీట్, క్లూలైన్ వగైరా. ఒక్కోటి ఏం చేస్తుందో 9వ భాగంలో వస్తుంది.

‘పోర్ట్ ఫోర్ టాప్‌సెయిల్ బ్రేస్’ అంటే ఎడమ పక్క, ముందు మాస్టు, రెండో అంతస్తు, తెరచాప మోసే అడ్డకొయ్యను తిప్పే తాడు. అంతే. ముక్కలు విడగొట్టడం వస్తే కొత్త పేరు కనిపించినా బెదరక్కర్లేదు.

లెక్క చూడండి. మూడు అడ్డకొయ్యలున్న ఫోర్‌మాస్టుకి హాల్యార్డులు 2, బ్రేస్‌లు 6, లిఫ్టులు 6, షీట్లు 6, క్లూలైన్లు 6, అంతస్తుకి రెండు చొప్పున బంట్‌లైన్లు 6, కింది తెరచాపకి టాక్‌లు 2. మొత్తం 34 తాళ్లు, నేర్చుకోవాల్సిన మాటలు ఏడు.

పలికేటప్పుడు ఒక జాగ్రత్త. నావికుల నోట టాప్‌గాలెంట్ ‘టగాలెంట్’ అవుతుంది, మెయిన్‌సెయిల్ ‘మెయిన్‌సల్’ అవుతుంది. వీడియోల్లో అట్లా వినిపిస్తే కొత్త పదమని రాసుకోకండి.

2. సామాను

కొయ్యలకి వెదురు లేదా టేకు బద్దలు. కలప డిపోల దగ్గర టేకు ముక్కలు అడిగితే తక్కువకే ఇస్తారు. నిర్మల్ బొమ్మలకి వాడే పొనికి చెక్క మెత్తగా చెక్కుబడుతుంది. మాస్టు నడుమ వచ్చే తట్టు, చిన్న చిన్న ముక్కలకి అది బాగుంటుంది. సన్నటి కొయ్యలకి మాత్రం వద్దు, తాడు బిగించగానే వంగుతుంది.

నూలుకి వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్లను అడగండి. “అన్నా, పడుగు నూలు కొంచెం కావాలె” అంటే సరిపోతుంది. పాలిస్టర్ దారం కొనకండి, మెరుస్తుంది, ముడి నిలవదు.

సరిచూసుకోండి:

- పలక: 60 × 20 సెం.మీ., మందం 2 సెం.మీ., బరువుగా ఉండాలి
- గుండ్రటి కొయ్యలు: 9, 8, 6, 5, 4, 3 మి.మీ. మందాల్లో
- వెనక నిలబెట్టే గుంజ: 40 సెం.మీ.
- పడుగు నూలు, సన్నటి కుట్టు దారం
- నలుపు, లేత గోధుమ రంగు బట్టల అద్దకం
- తేనెమైనం ముక్క
- నాలుగు బొక్కల చిన్న చొక్కా గుండీలు, రెండు డజన్లు
- ఇత్తడి తీగ, చిన్న పూసలు, టూత్‌పిక్‌లు, అగర్బత్తి పుల్లలు
- చేతి డ్రిల్లు, 1 మి.మీ. బిట్టు, స్యాండ్ పేపర్, పట్టకారు, ఫెవికాల్
- తెరచాపకి పాత నూలు ధోతి ముక్క

ఫెవిక్విక్ దగ్గర పెట్టుకోకండి. తాడు మీద పడితే గాజు పుల్లలా గట్టిపడి మళ్లీ సర్దుకునే వీలు పోతుంది.

3. తాడు పేనడం

కొన్న దారాన్ని అట్లాగే కడితే బొమ్మ దూరం నుంచే తేలిపోతుంది. పైగా తాడు ఎట్లా పనిచేస్తుందో తెలియాలంటే ఒక్కసారైనా పేనాలి.

అసలు ఓడ తాడు ఎక్కువగా మూడు పేటలది, కుడి పురిది. నిలువుగా పట్టుకుంటే పేటలు కింద ఎడమ నుంచి పైకి కుడివైపు పోతున్నట్టు కనిపిస్తాయి. అంగట్లో పశువులకి అమ్మే మూడు పేటల పగ్గం ఒకటి చేతిలో పట్టుకుని చూడండి, వెంటనే తెలుస్తుంది.

సూత్రం ఇంతే. పేటలోని పురి ఒకవైపు ఉంటే, మూడు పేటలు కలిపే పురి దానికి ఎదురు ఉండాలి. రెండూ ఒకే వైపైతే తాడు చేతిలోంచి వదలగానే విడిపోతుంది.

1. నూలు కొసను వేళ్ల మధ్య విప్పి చూసి, అది ఏ వైపు పురి తిరిగిందో గుర్తించండి.
2. ఒక్కొక్కటి 2 మీటర్ల చొప్పున మూడు పోగులు కోయండి. ఒక కొసను తలుపు గొళ్లేనికి కట్టండి.
3. మొదటి పోగు రెండో కొసను డ్రిల్లుకి బిగించిన కొక్కేనికి తగిలించి, దాని పురి ఉన్న వైపే ఇంకా తిప్పండి. 20 సెం.మీ. దాకా కురచ అవ్వాలి. విప్పుకోకుండా మేకుకి చుట్టి ఉంచండి.
4. మిగతా రెండు పోగులకీ అంతే.
5. ఇప్పుడు మూడు కొసలూ కలిపి కొక్కేనికి వేసి ఎదురు వైపు తిప్పండి. ఒక చేత్తో పేటల మధ్య పట్టకారు పెట్టి మెల్లగా గొళ్లెం వైపు జరుపుతుంటే పట్టకారు వెనక తాడు దగ్గరగా పడుతూ వస్తుంది.
6. కొసలు ముడేసి, చిన్న బరువు కట్టి రాత్రంతా వేలాడదీయండి.
7. అద్దకం వేసి ఆరాక తేనెమైనం మీదుగా రెండుసార్లు లాగండి. నూగు అణిగిపోతుంది, వానాకాలం తేమ కూడా తక్కువ పీలుస్తుంది.

అయిదో అడుగులో తొందరపడితే పేటలు ఒకచోట వదులుగా, ఒకచోట బిగువుగా పడతాయి. అక్కడ నిదానంగా ఉండండి.

తాడు మందాలు నాలుగు చాలు. ఏ తాడు ఏదో 6, 9 భాగాల్లో వస్తుంది. స్టేలకి 1.2 మి.మీ., ష్రౌడ్‌లకి 1 మి.మీ., పై ష్రౌడ్‌లకి 0.7, కదిలే తాళ్లకి 0.5. మాస్టుని పట్టి ఉంచే కదలని తాళ్లన్నీ నలుపు, ఎందుకంటే అసలు ఓడల్లో వాటికి తారు పూసేవాళ్లు. తెరచాపల్ని, అడ్డకొయ్యల్ని ఆడించే కదిలేవన్నీ లేత గోధుమ రంగు. ఈ ఒక్క రంగు తేడా పాటిస్తే ఏ ఓడ బొమ్మ చూసినా సగం తాళ్ల జాతి చూపుకే తెలుస్తుంది.

4. మాస్టు నిలబెట్టడం

మాస్టు ఒకే చెట్టు కాదు, మూడు ముక్కలు ఒకదాని మీద ఒకటి.

- లోయర్ మాస్టు: 30 సెం.మీ., 9 మి.మీ. మందం. 2 సెం.మీ. పలకలోకి పోతుంది.
- టాప్‌మాస్టు: 18 సెం.మీ., 6 మి.మీ.
- టాప్‌గాలెంట్ మాస్టు: 12 సెం.మీ., 4 మి.మీ. దీని పై కొస రాయల్‌కి వాడే కొయ్య.

ప్రతి ముక్కనీ కొస వైపు సన్నం చేయండి. ఒకేవైపు గీకకుండా, గుండ్రంగా తిప్పుతూ స్యాండ్ పేపర్‌తో తీయాలి.

ముక్కలు కలిసే చోట పై మాస్టు మడమ, కింది మాస్టు తల పక్కపక్కన కొంత దూరం ఉంటాయి. ఆ భాగం పేరు డబ్లింగ్. కింద జంటకి 5 సెం.మీ., పై జంటకి 3 సెం.మీ. వదలండి. పై మాస్టు ఎప్పుడూ కింది మాస్టు తలకి ముందు వైపే ఉంటుంది. అన్నీ అమిరాక పలక మీద ఎత్తు 50 సెం.మీ. రావాలి.

డబ్లింగ్‌ని పట్టి ఉంచేవి రెండు. పైన రెండు బొక్కల దిమ్మ, దాని పేరు క్యాప్. కింద ముందువెనకలుగా రెండు పట్టీలు, ట్రెసిల్‌ట్రీలు. వాటి మీద అడ్డంగా క్రాస్‌ట్రీలు. లోయర్ మాస్టు దగ్గర వీటి మీద ఒక తట్టు వస్తుంది. దాన్నే టాప్ అంటారు. టాప్‌మాస్టు మడమలో ఒక చీల దూర్చి ట్రెసిల్‌ట్రీల మీద ఆనిస్తే కిందికి జారదు. ఆ చీల ఫిడ్. టూత్‌పిక్ ముక్క సరిపోతుంది.

పలకలో ముందు అంచు నుంచి 15 సెం.మీ. దగ్గర మాస్టుకి బొక్క, 45 సెం.మీ. దగ్గర వెనక గుంజకి బొక్క. గుంజ మెయిన్‌మాస్టు స్థానంలో నిలబడుతుంది, బ్రేస్‌లు దాని దగ్గరికే పోతాయి.

తాళ్లు కట్టే ముందు సరిచూసుకోండి:

- ముందు నుంచి చూస్తే మూడు ముక్కలూ ఒకే గీతలో ఉన్నాయా?
- టాప్ తట్టు నేలకి సమంగా ఉందా?
- క్యాప్ దగ్గర కొయ్య ఊగుతోందా? ఊగితే సన్నటి కాగితం చుట్టి బిగించండి. తాడు లాగి సరిచేద్దామనుకోకండి.

5. బౌస్ప్రిట్

20 సెం.మీ. కొయ్య, 8 మి.మీ. మందం. పలక ముందు అంచున చిన్న దిమ్మ పెట్టి, దాని మీదుగా 25 డిగ్రీల దాకా పైకి వాలేటట్టు బిగించండి. దాని కొసన క్యాప్ ద్వారా 16 సెం.మీ. జిబ్‌బూమ్ అనే ఇంకో కొయ్య ముందుకు సాగుతుంది.

బౌస్ప్రిట్ కొస నుంచి కిందికి, పలక ముందు అంచుకి బిగించే తాడు బాబ్‌స్టే. దీన్ని ముందే కట్టాలి. మాస్టు నుంచి వచ్చే స్టేలన్నీ బౌస్ప్రిట్‌ని పైకి లాగుతాయి, కిందికి పట్టి ఉంచేది ఇదే.

6. కదలని తాళ్లు: వరుస తప్పితే మొత్తం తప్పు

మాస్టుని నాలుగు వైపులా పట్టి ఉంచేవి ఇవి. ఎటు లాగుతాయో చూడండి, పేరు దానంతటదే వస్తుంది.

- స్టే: ముందుకి
- ష్రౌడ్: పక్కకి, కొంచెం వెనక్కి
- బ్యాక్‌స్టే: పై మాస్టుల నుంచి పలక అంచుదాకా, వెనక్కి, పక్కకి

పక్కకి ఇన్ని ఉండటం చూసి ముందుకి ఒకటే ఎందుకని అడుగుతారు. ఒకటే అయినా, ముందుకి పోయే స్టే ఓడలో బాగా లావైన తాళ్లలో ఒకటి. మన బొమ్మలో కూడా అందుకే 1.2 మి.మీ.

కట్టే వరుస:

1. ష్రౌడ్‌లు జంటలుగా వస్తాయి. ఒక తాడుని సగానికి మడిచి, మడత దగ్గర మాస్టు తల పట్టేంత కన్ను వదిలి దారంతో చుట్టండి. ఆ కన్ను మాస్టు తలకి తొడిగితే రెండు కాళ్లూ ఒకే పక్కకి దిగుతాయి.
2. మొదటి జంట స్టార్‌బోర్డ్‌కి, ముందు వైపు. రెండోది పోర్ట్‌కి, ముందు వైపు. మూడోది మళ్లీ స్టార్‌బోర్డ్‌కి, నాలుగోది పోర్ట్‌కి. పక్కకి నాలుగు కాళ్లు వస్తాయి.
3. అన్నిటి మీదా ఆఖరున ఫోర్‌స్టే కన్ను తొడిగి, బౌస్ప్రిట్ మధ్యకి కట్టండి.
4. తర్వాత టాప్‌మాస్టు ష్రౌడ్‌లు, ఇవి టాప్ అంచు దగ్గర ఆగుతాయి. టాప్‌మాస్టు స్టే బౌస్ప్రిట్ కొసకి, టాప్‌గాలెంట్ స్టే జిబ్‌బూమ్ కొసకి.
5. చివరగా బ్యాక్‌స్టేలు.

ష్రౌడ్‌లను ఒకే పక్క అన్నీ కట్టేసి రెండో పక్కకి పోతే మాస్టు ఒరుగుతుంది. అసలు ఓడలో కూడా పక్కలు మార్చుకుంటూనే వేసేవాళ్లు.

ఇక డెడ్‌ఐలు. ష్రౌడ్ కింది కొసకి ఒక గుండ్రటి చెక్క, ఓడ అంచుకి ఒకటి. రెండింటికీ మూడేసి బొక్కలు. వాటి మధ్య అటూ ఇటూ తిరిగే సన్నటి తాడు లాన్యార్డ్. అది లాగితే ష్రౌడ్ బిగుస్తుంది. మనకి చొక్కా గుండీలే డెడ్‌ఐలు. నాలుగు బొక్కల్లో మూడే వాడండి. కొలతకి పెద్దగా కనిపిస్తాయి, నేర్చుకోడానికి నష్టం లేదు. కింది గుండీలను ఇత్తడి తీగతో పలక అంచుకి, 2 సెం.మీ. ఎడంగా బిగించండి. ఎనిమిది ష్రౌడ్‌లకీ గుండీల జంటల మధ్య దూరం ఒకేలా రావాలంటే తీగని ఆంగ్ల అక్షరం ‘యు’ ఆకారంలో వంచి, దాని రెండు కొసలూ పై గుండీ, కింది గుండీ బొక్కల్లో పెట్టి కొలత పట్టండి.

లాన్యార్డ్ కొసలకి ఇప్పుడే జిగురు పెట్టకండి. నూలు తేమకి బిగుస్తుంది, ఎండకి వదులవుతుంది. మన దగ్గర మే నెల వేడిలో బిగించినది జూలైలో టాప్‌గాలెంట్ మాస్టుని వంచేయగలదు. వానల్లో బిగించినది వేసవిలో జారిపోతుంది. ఎప్పుడు సర్దాల్సొచ్చినా లాన్యార్డ్ దగ్గరే సర్దాలి. అది ఉన్నదే అందుకు.

టాప్‌మాస్టు ష్రౌడ్‌లు టాప్ తట్టుని పైకి లాగుతాయి కదా. ఆ లాగుడుని తట్టు అంచు నుంచి కిందికి, లోపలికి, లోయర్ మాస్టు వైపు దించే పొట్టి తాళ్లు ఫ్యుటాక్ ష్రౌడ్‌లు. కిట్లలో జనం ఎక్కువగా మరిచిపోయేవి ఇవే. ఇవి లేకపోతే తట్టు అంచు మెల్లగా పైకి లేస్తుంది.

7. రాట్‌లైన్లు

ష్రౌడ్‌ల మీద నిచ్చెన మెట్లలా అడ్డంగా కట్టే సన్నటి తాళ్లు. అసలు ఓడల్లో రెండింటి మధ్య దూరం దాదాపు 33 నుంచి 38 సెం.మీ., ఒక మనిషి అడుగు పడేంత. మనం 8 మి.మీ. పెట్టుకుందాం.

అట్ట ముక్క మీద 8 మి.మీ.కి ఒక గీత గీసి ష్రౌడ్‌ల వెనక నిలబెట్టండి. కొస ష్రౌడ్‌లకి మామూలు ముడి, నడిమి వాటికి క్లోవ్ హిచ్. క్లోవ్ హిచ్ అంటే దారాన్ని ష్రౌడ్ చుట్టూ ఒకసారి తిప్పి, తన మీదుగా దాటించి, రెండోసారి తిప్పి, ఆ చుట్టు కిందుగా కొస తీయడం. పెన్సిల్ మీద పది వేసి చేయి తిరిగాక ష్రౌడ్ మీదికి రండి.

ముందు ప్రతి అయిదో మెట్టు కట్టి, తర్వాత మధ్యవి నింపండి. కింది నుంచి వరుసగా కడుతూ పోతే ప్రతి ముడి ష్రౌడ్‌ని కొంచెం లోపలికి లాగి, పైకి పోయేసరికి నడుం సన్నబడ్డట్టు కనిపిస్తుంది. అగర్బత్తి పుల్లలు అడ్డంగా కట్టి ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు. పని అయ్యాక తీసేయండి.

8. యార్డులు

మాస్టుకి అడ్డంగా ఉండి తెరచాప మోసే కొయ్య యార్డు. కింది నుంచి ఫోర్ యార్డు 25 సెం.మీ., టాప్‌సెయిల్ యార్డు 18, టాప్‌గాలెంట్ యార్డు 12. మధ్యలో లావు, రెండు కొసలూ సన్నం. కొసల పేరు యార్డార్మ్.

మాస్టుకి నిలబెట్టే ముందే, బల్ల మీద ఉండగానే చేయాల్సినవి:

- బ్రేస్, లిఫ్ట్, షీట్‌లకి రెండు కొసలా చిన్న పూసలు కట్టడం. అసలు ఓడలో అక్కడ గిలకలున్న బ్లాకులు ఉంటాయి.
- యార్డు కింద వేలాడే ఫుట్‌రోప్. తెరచాప చుట్టేవాళ్లు నిలబడేది యార్డు మీద కాదు, దీని మీద. కొంచెం కుంగి వేలాడాలి. బిగువుగా గీతలా ఉంటే తప్పు.
- మాస్టుకి పట్టి ఉంచే పారెల్. తాడుకి చిన్న పూసలు గుచ్చి మాస్టు చుట్టూ తిప్పితే యార్డు పైకీ కిందికీ జారుతుంది, ముందుకి ఊడిపోదు.

యార్డు మాస్టుకి ముందు వైపే ఉంటుంది. వెనక పెట్టిన బొమ్మలు దుకాణాల్లో కూడా కనిపిస్తాయి.

యార్డు అడ్డంగా ఉంటే, ముందువెనకలుగా ఉండే కొయ్యలు రెండు రకాలు. తెరచాప అడుగు పట్టేది బూమ్, తల పట్టేది గాఫ్. మన బొమ్మలో అవి లేవు, మిజెన్ కడితే వస్తాయి.

9. కదిలే తాళ్లు: ఏడు పనులు

ధోతి ముక్కతో ఒక్క టాప్‌సెయిల్‌కే తెరచాప కట్టండి. పై అంచు 16 సెం.మీ., కింది అంచు 22, ఎత్తు 12. పై అంచు పేరు హెడ్, కింది అంచు ఫుట్, పక్క అంచులు లీచ్, కింది మూలలు క్లూ. ఇప్పుడు ఒక్కో తాడూ కట్టి లాగి చూడండి.

- హాల్యార్డ్: యార్డుని పైకెత్తుతుంది. టాప్‌సెయిల్, టాప్‌గాలెంట్ యార్డులకే. ఫోర్ యార్డు మామూలుగా తన చోటనే ఉంటుంది.
- లిఫ్ట్: మాస్టు తల నుంచి యార్డార్మ్‌కి. యార్డు ఒక పక్కకి వాలకుండా పట్టేది ఇదే.
- బ్రేస్: యార్డార్మ్ నుంచి వెనక గుంజకి. యార్డుని గాలికి తగ్గట్టు తిప్పుతుంది.
- షీట్: క్లూని కిందికి, దాని కింద ఉన్న యార్డు కొసకి లాగుతుంది. మన టాప్‌సెయిల్ షీట్ ఫోర్ యార్డు కొసలోని పూస గుండా పోయి, యార్డు వెంబడి మధ్యకి వచ్చి, మాస్టు పక్కన పలకకి దిగాలి.
- క్లూలైన్: షీట్‌కి ఎదురు. క్లూని పైకి లాగుతుంది. కింది తెరచాప దగ్గర దీన్నే క్లూ గార్నెట్ అంటారు.
- బంట్‌లైన్: తెరచాప ముందు వైపు నుంచి దిగి ఫుట్‌ని పట్టుకుని పైకి ఎత్తుతుంది.
- టాక్: కింది తెరచాపకే. గాలి వచ్చే పక్క క్లూని ముందుకి, కిందికి లాగి పడుతుంది. మనం కోర్స్ కట్టడం లేదు కాబట్టి బొమ్మలో ఉండదు.

రెండు జతలు కలగాపులగం అవుతాయి. లిఫ్ట్ లాగితే యార్డు కొస పైకి లేస్తుంది, బ్రేస్ లాగితే వెనక్కి తిరుగుతుంది. స్టే కదలదు, షీట్ కదులుతుంది. ఇంకొకటి, షీట్ గుడ్డ కాదు, తాడు. అనువాదాల్లో ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే.

మన బొమ్మకి మొత్తం 20 తాళ్లు వస్తాయి: హాల్యార్డులు 2, లిఫ్టులు 6, బ్రేస్‌లు 6, టాప్‌సెయిల్ షీట్లు 2, క్లూలైన్లు 2, బంట్‌లైన్లు 2.

10. కొసలు కట్టే చోటు

టూత్‌పిక్ ముక్కలు పట్టీలో గుచ్చితే అవే బిలేయింగ్ పిన్లు. పక్కకి 6, మాస్టు మొదట్లో 2, వెనక గుంజ దగ్గర పక్కకి 3.

- మాస్టు మొదట్లో: రెండు టాప్‌సెయిల్ షీట్లు.
- గుంజ దగ్గర: బ్రేస్‌లు.
- పక్క పట్టీలో: లిఫ్టులు 3, క్లూలైన్ 1, బంట్‌లైన్ 1, హాల్యార్డ్ 1. టాప్‌సెయిల్ హాల్యార్డ్ ఒక పక్కకి, టాప్‌గాలెంట్‌ది రెండో పక్కకి.

చాలా ఓడల్లో తెరచాప ఎంత పైనుంటే దాని తాడు పట్టీలో అంత వెనక పిన్నుకి వస్తుంది. చీకట్లో, వానలో చేయి పెడితే తాడు తెలియాలి కదా. మీరూ ఆ వరుసే పాటించండి.

తాడుని పిన్ను కింది నుంచి ఒక చుట్టు తిప్పి, తర్వాత పైకీ కిందికీ మెలికగా మూడుసార్లు వేయండి. ముడి వేయకండి. మిగిలిన తాడుని వేరే చుట్టగా చేసి పిన్నుకి తగిలించండి.

11. ఎత్తే కసరత్తు, దించే కసరత్తు

పేర్లు పట్టుబడేది ఇక్కడ. పిల్లలైతే ఒకరు పేరు చెప్పాలి, ఒకరు లాగాలి.

టాప్‌సెయిల్ పరచడం:

1. క్లూలైన్లు, బంట్‌లైన్లు వదలండి.
2. షీట్లు రెండూ కొసదాకా లాగండి.
3. హాల్యార్డ్‌తో యార్డు ఎత్తండి.
4. బ్రేస్‌లతో తిప్పండి. ఒక పక్క లాగుతుంటే రెండో పక్క వదలాలి.

దించడం:

1. హాల్యార్డ్ వదిలి యార్డు దించండి.
2. షీట్లు వదులుతూ క్లూలైన్లు లాగండి.
3. బంట్‌లైన్లు లాగండి. గుడ్డ మూటలా యార్డు కిందికి చేరుతుంది.
4. చుట్టి పొట్టి దారాలతో కట్టండి. వాటి పేరు గాస్కెట్లు.

షీట్ వదలకుండా క్లూలైన్ లాగి చూడండి. ఏదీ కదలదు, పూస తెగుతుంది. ఎదురుబొదురు తాళ్లు ఏవో ఆ ఒక్క దెబ్బతో తెలిసిపోతుంది.

12. తప్పులు, సవరణలు

- మాస్టు వెనక్కి వాలింది. బ్యాక్‌స్టేలు ఎక్కువ బిగిశాయి. అవి వదిలి, ముందు స్టే సర్ది, మళ్లీ బ్యాక్‌స్టేలు పట్టండి.
- జిబ్‌బూమ్ పైకి వంగింది. కింది నుంచి పట్టే తాడు లేదు. బౌస్ప్రిట్ కొసన కిందికి ఒక పుల్ల దించి, దాని మీదుగా జిబ్‌బూమ్ కొస నుంచి తాడు లాగండి. ఆ పుల్ల డాల్ఫిన్ స్ట్రైకర్, ఆ తాడు మార్టింగేల్.
- బ్రేస్ వేలాడుతోంది. రెండో పక్క బ్రేస్ కూడా చూడండి. రెండూ జతగానే సర్దాలి.
- తాడు పురి విడిపోతోంది. పేట పురి, తాడు పురి ఒకే వైపు పడ్డాయి. బాగుచేయడానికి లేదు, మళ్లీ పేనాలి.
- కత్తిరించిన కొస నూగుగా ఉంది. కోయాల్సిన చోట ముందు ఫెవికాల్ చుక్క రాసి, ఆరాక కోయండి.
- కదిలే తాళ్లు ముందు కట్టేశాను, ఇప్పుడు ష్రౌడ్‌ల దగ్గరికి చేయి పోవడం లేదు. విప్పడమే దారి. కదలనివి ముందు, కదిలేవి తర్వాత. రెండింటిలోనూ కింది నుంచి పైకి, మధ్య నుంచి అంచుకి.

13. వేరే ఓడ ముందు పరీక్ష

మన నౌకాదళం శిక్షణ ఓడలు ఐఎన్ఎస్ తరంగిణి (1997), ఐఎన్ఎస్ సుదర్శిని (2012) ఫోటోలు తీసుకోండి. రెండూ మూడు మాస్టుల బార్క్‌లు, ఒక్కోదానికి 20 తెరచాపలు. ఇప్పటి ఓడలు కాబట్టి డెడ్‌ఐల బదులు లోహపు బిగింపులు కనిపిస్తాయి; పేర్లు మాత్రం అవే.

ఫోటో మీద పారదర్శక కాగితం పెట్టి ఈ వరుసలో గుర్తించండి: మాస్టులు, యార్డులు, స్టేలు, ష్రౌడ్‌లు, బ్రేస్‌లు. ప్రతి బ్రేస్‌కీ నాలుగు ముక్కల పేరు రాయండి. తర్వాత ఓడ రకం చెప్పండి:

- మూడు మాస్టులకీ అడ్డ యార్డులుంటే షిప్
- ఆఖరి మాస్టుకి మాత్రం లేకపోతే బార్క్
- రెండే మాస్టులు, రెండింటికీ యార్డులుంటే బ్రిగ్
- రెండు లేదా ఎక్కువ మాస్టులు, అన్నిటికీ గాఫ్, బూమ్ తరహా తెరచాపలే ఉంటే స్కూనర్
- ఒకే మాస్టు, ముందు ఒక తెరచాప, వెనక ఒకటి ఉంటే స్లూప్. మన నౌకాదళం మహిళా అధికారులు 2017–18లో ప్రపంచం చుట్టి వచ్చిన తారిణి పడవ ఇట్లాంటిదే

హైదరాబాద్ పోయినప్పుడు హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు పందేలకి దిగితే ఒడ్డున నిలబడి చూడండి. యార్డులు, బ్రేస్‌లు ఉండవు, కానీ హాల్యార్డ్, బూమ్, షీట్ ఉంటాయి. గాలి మారగానే ఆ పడవలో మనిషి చేయి మొట్టమొదట పోయేది షీట్ మీదికే.